బిలాస్‌పూర్ పెట్టెలో మొదటి సంచిక

శుక్రవారం సాయంత్రం ఐదూ నలభైకి విశాఖపట్నంలో బండి ఎక్కినప్పుడు నా సంచీలో రెండు జతల బట్టలు, ఒక భూతద్దం, ఒక స్టీలు స్కేలు, పుస్తకాలు పట్టుకోవడానికి తెల్లని నూలు చేతి తొడుగులు, పాతిక ప్లాస్టిక్ కవర్లు, ఒక రిజిస్టరు ఉన్నాయి. దుప్పటి లేదు. డిసెంబరు నెలలో రాయపూర్ మీదుగా ప్రయాణం పెట్టుకుని, పుస్తకాలకు తొడుగులు గుర్తుపెట్టుకుని తనకు దుప్పటి మరిచిపోయేవాడికి ఎలాంటి పిచ్చి పట్టి ఉంటుందో చదువరులే ఊహించుకోవచ్చు.

పిచ్చి పేరు పాత బొమ్మల కథల పుస్తకాలు. నా పదో ఏట మద్రాసు నుంచి ‘గిలకబండి’ అనే మాసపత్రిక వచ్చేది. అందులో జట్కా జోగయ్య అనే బండివాడు, రాణి అనే గుర్రం కలిసి దొంగల్ని పట్టేవారు. అరవై నాలుగు సంచికలు వచ్చాక పత్రిక ఆగిపోయింది. జోగయ్య పట్టిన దొంగలు ఈపాటికి శిక్ష అనుభవించి విడుదలై ఉంటారు గాని, నేను మాత్రం ఇంకా ఆ అరవై నాలుగింటి వెంట తిరుగుతున్నాను.

విశాఖలో ఇలాంటివాళ్లం నలుగురం ఉన్నాం. పుస్తకం నాణ్యతకు మాకు ఐదు మెట్లున్నాయి: అంటనిది, చక్కనిది, చదివినది, నలిగినది, పొట్లం. ‘అంటనిది’ అంటే అచ్చాఫీసు నుంచి వచ్చాక ఏ చెయ్యీ తగలనిది. ‘పొట్లం’ అంటే పల్లీలు కట్టడానికి పనికొచ్చేది. మధ్యలో ఉన్న ‘చదివినది’ అనే మాటను మేము పెదవి విరిచి పలుకుతాం. మా లెక్కలో చదవడం పుస్తకానికి జరిగే నష్టం. నేను బ్యాంకులో క్యాషియరుని కాబట్టి, చిరిగిన నోటు పట్టుకునే కన్ను ఇక్కడా పనికొస్తుందని మిగతా ముగ్గురూ ఒప్పుకుంటారు. అందులో కామేశ్వర్రావు మాత్రం ఒప్పుకుని, బయటికి వెళ్లాక నవ్వుతాడు.

నా దగ్గర అరవై మూడు సంచికలున్నాయి. మొదటిది లేదు. కామేశ్వర్రావు దగ్గరా మొదటిది లేదు. మా ఇరవయ్యేళ్ల స్నేహం ఆ లోటు మీదే నిలబడి ఉంది. అలాంటి సమయంలో నాకొక కార్డు వచ్చింది. రాసింది బిలాస్‌పూర్ రైల్వేలో వ్యాగన్లు పరీక్షించే ఉద్యోగి సన్యాసిరావు గారు. మా నలుగురి మధ్య ‘బిలాస్‌పూర్ పెట్టె’ అనే మాట పదేళ్లుగా నలుగుతూనే ఉంది. ఎవరో ఒకాయన ‘గిలకబండి’ని మొదటి నెల నుంచి కొని, ఒకే పెట్టెలో, చేతులు మారకుండా దాచాడని వినికిడి. ఆ ఒకాయన ఈయనే. “జనవరిలో రిటైరవుతున్నాను. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మోప్కాలో కట్టుకున్న ఇల్లు చిన్నది, పెట్టెకు చోటు లేదు. అన్నీ ఉన్నవి, అన్నీ ఫిట్” అని రాశారు. కామేశ్వర్రావుతో మేనకోడలికి సంబంధం చూడ్డానికి రాయగడ వెళ్తున్నానని చెప్పి బయలుదేరాను. నాకు మేనకోడలు లేదన్న సంగతి అతనికి తెలుసో లేదో అప్పటికి ఆలోచించలేదు.

విజయనగరం దాటాక ఎదురు సీటులో పార్వతీపురం బెల్లం వర్తకుడు పులిహోర పొట్లం విప్పి, నాకూ సగం పెట్టాడు.

“ఏటి పని మీదెళ్తన్నారు బాబూ?”

“పాత బొమ్మల పుస్తకాలు చూడ్డానికండి.”

“అచ్ఛా, పిల్లలకేటి?”

“నాకేనండి.”

ఆయన కాసేపు నన్ను చూసి, నా కాళ్ల దగ్గరున్న తన బెల్లం డబ్బాను మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

శనివారం ఏడింటికి చేరవలసిన బండి రాయపూర్ ఎనిమిదీ యాభైకి చేరింది. రాత్రంతా తొడుగులు చేతికి వేసుకుని, ప్లాస్టిక్ కవర్ల కట్టను రొమ్ము మీద పెట్టుకుని పడుకున్నాను. ఈ దారిన వచ్చేవారు కవర్లకు బదులు దుప్పటి తెచ్చుకుంటే మేలు. స్టేషను బయట మూడు రూపాయలకు ఆకు నిండా అటుకుల ఉప్మా పెట్టి, పైన సేవు అనే సన్న కారప్పూస చల్లి ఇస్తారు. అక్కడ దాన్ని పోహా అంటారు, తినవచ్చు. తొమ్మిదీ నలభైకి బిలాస్‌పూర్ వైపు వెళ్లే పాసింజరు దొరికింది. అది ప్రతి స్టేషనులోనూ చుట్టాన్ని పలకరించినట్టు ఆగుతూ పన్నెండూ ఇరవైకి బిలాస్‌పూర్ చేర్చింది.

గేటు దగ్గర టిక్కెట్ కలెక్టరుని, పరీక్షలు పాసైన నా హిందీలో రైల్వే కాలనీకి దారి అడిగాను. అతను రెండుసార్లు చెప్పించుకుని, “తెలుగోళ్లా? ముందే సెప్పొచ్చు కదండీ, ఎందుకొచ్చిన కష్టం” అన్నాడు. బుధవారీ బజారు దాటి వెళ్లమని చెయ్యి చూపించాడు. స్టేషను ఎదుటి లాడ్జిలో గది తీసుకున్నాను. కిటికీ తీస్తే సిర్గిట్టి వైపు పొగ గొట్టాలు కనబడతాయి, మూస్తే ఏమీ కనబడదు. మూసే ఉంచాను.

మూడు గంటలకు సన్యాసిరావు గారి క్వార్టరు దొరికింది. రెండు గదులు, ముందు వరండా, గోడ పక్కన జామచెట్టు. ఆయన బనీను మీద మఫ్లరు చుట్టుకుని, నా కోసమే అన్నట్టు వరండాలో కూర్చుని ఉన్నారు. ముప్ఫై అయిదేళ్లు యార్డులో నిలిచిన వ్యాగన్ల చక్రాల మీద సుత్తితో కొట్టి, మోతను బట్టి ఏది వెళ్లొచ్చో ఏది ఆగాలో చెప్పిన మనిషి. నన్ను కూడా ఆపాదమస్తకం అలాగే చూశారు.

“రండి బాబూ, రండి. మాయింటిది మస్తూరీలో సెల్లెలింటికెళ్లింది, రేపు పొద్దున్న వచ్చీస్తాది. అది లేనప్పుడే సూసీసుకుంటే మంచిది.”

ఆ ఆఖరి మాట విన్నాను గాని పట్టించుకోలేదు. అప్పటికే పెట్టె మూత లేస్తోంది. నేను తొడుగులు వేసుకున్నాను. ఆయన వాటిని చూసి, “చేతికేటైనా పుండా?” అని జాలిగా అడిగారు.

అరవై నాలుగూ వరసగా ఉన్నాయి. అట్టల రంగు నిన్న అచ్చయినట్టుంది. కర్పూరం వాసన వేసింది. మొదటి సంచిక చేతిలోకి తీసుకున్నప్పుడు, నిజం చెప్పాలంటే, నా గుండె పదేళ్ల పిల్లాడిలా కొట్టుకుంది. వెన్ను నిలువుగా ఉంది. మూలలు పదునుగా ఉన్నాయి. వెనకట్ట తిప్పాను. ఎర్ర పెన్సిలుతో ఏడెనిమిది తేదీలు, ప్రతి తేదీ పక్కన ‘ఫిట్’ అని, కింద పొట్టి సంతకం.

“ఇదేమిటండీ?”

“ఎగ్జామిన్ సేసిన తేదీలు. నాలుగేళ్లకోసారి తీసి, పురుగు పట్టిందేటో, పిన్ను తుప్పు పట్టిందేటో సూడాల కదా. సూడకుండా ఎలా పంపిస్తాం బండిని?”

ఎక్కడికీ వెళ్లని బండిని ముప్ఫై ఏళ్లకు పైగా పరీక్షిస్తున్నారు. మెట్టు ఒకటి తగ్గించుకుని, ‘చక్కనిది’ అనుకుని ఓదార్చుకున్నాను. తర్వాత లోపల పుట తెరిచాను.

జోగయ్య మాట్లాడే ప్రతి మాట మీదా, గుర్రం సకిలించే ప్రతి సకిలింపు మీదా ఒక తెల్ల కాగితపు చీటీ అంటించి ఉంది. చీటీ మీద పెన్సిలు రాత. రాత హిందీ అక్షరాల్లో ఉంది. ఒక పుట కాదు, ఒక సంచిక కాదు, అరవై నాలుగు సంచికల్లోనూ జట్కా జోగయ్య నోటికి కట్టు కట్టేశారు.

“మాయింటిది ఇక్కడే పుట్టి పెరిగిందండి. హిందీ మీడియం. ఇంట్లో తెలుగే, మరి సదవడం రాదు. నాను డ్యూటీకెళ్లిపోతే ఎవులు సదివి పెడతారు? అందుకని హిందీ అచ్చరాల్లో తెలుగే రాసి అంటించీవోణ్ణి. మత్‌లబ్, మాట తెలుగే, అచ్చరం హిందీ.”

ఆయన దీన్ని గొప్పగా చెప్పలేదు, చక్రానికి నూనె వేశానన్నట్టు చెప్పారు. నేను గోడకు ఆనుకున్నాను. కామేశ్వర్రావు ఈ దృశ్యం చూస్తే ఎంత సంతోషిస్తాడో తలచుకుంటే ఒళ్లు మండింది. అయినా క్యాషియరు బుద్ధి ఊరుకోదు. చీటీ కింద వేలు పెట్టి చూశాను. మైదా జిగురు. మైదా జిగురుకి ఆవిరి తగిలిస్తే వదులుతుంది. పైగా చీటీ కింద అచ్చు ఇన్నేళ్లూ వెలుగు తగలకుండా కొత్తగా ఉండి ఉంటుంది. మొదటి సంచికలో చీటీలన్నీ ఊడదీస్తే నాకు నా అరవై నాలుగోది దొరుకుతుంది.

“ఈ ఒక్కటీ రాత్రికి తీసుకెళ్లి తీరిగ్గా చూసుకుంటానండి.”

“తీసుకెళ్లండి బాబూ. రేపు పదింటికి రండి, మాటాడుకుందాం.”

అయిదున్నరకు లాడ్జిలో టీ తెప్పించుకున్నాను. కుర్రాడి చేత కాదు, నేనే కిందికి వెళ్లి, కెటిలు నిండా సలసల కాగేది కావాలని అడిగి తెచ్చుకున్నాను. ఒక్కడికి అంత టీ ఎందుకని ఓనరు అడిగితే చలి అన్నాను. మూడో పుటలో జోగయ్య గుర్రం మెడ నిమురుతున్న బొమ్మ ఉంది. దాని మీద చీటీని కెటిలు మూతికి దగ్గరగా పట్టాను. ఆ చీటీ మీద ఏముందో చదవలేదు. నాకు హిందీ వచ్చు, ఎదురుగా వెలుగుంది, అయినా చదవలేదు. పుస్తకాలు చదివే అలవాటు పోయి చాలా ఏళ్లయింది. కాగితం, అంచు, జిగురు మాత్రమే చూశాను.

చీటీ రెండు నిమిషాల్లో చుట్టుకుపోయి ఊడింది. కింద అచ్చు మిలమిలలాడింది: “పదవే రాణీ, ప్రొద్దు గ్రుంకుచున్నది.” విజయం! చీటీ వైపు చూస్తే, పెన్సిలు రాత ఊదారంగు నీరై కారుతోంది. అది రైల్వేలో గార్డులు వాడే పెన్సిలట, తడి తగిలితే ఊదా తిరుగుతుందట. ఆ సంగతి మర్నాడు తెలిసింది. ఒక్క అక్షరం మిగల్లేదు. రాత పోతే పోయింది, ఎలాగూ తీసెయ్యవలసినదే అనుకుని, అలవాటు కొద్దీ ఆ మరకల ముక్కను ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టాను. మిగతావి ఇంటికి వెళ్లాక తీరిగ్గా ఊడదీద్దామని, మిగిలిన టీ తాగేసి హాయిగా పడుకున్నాను.

ఆదివారం పది గంటలకు వెళ్లేసరికి వరండాలో ఒకావిడ పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. సన్యాసిరావు గారి భార్య నూకరత్నమ్మ గారు. పొద్దున్న బస్సులో వచ్చారట. వస్తూనే పెట్టె చూసి, ఒకటి తక్కువుందని కనిపెట్టారట. సన్యాసిరావు గారు తప్పు చేసిన కొత్త ఫిట్టరులా గోడ పక్కన నిలబడి ఉన్నారు.

“మీరేనా బాబూ? కూకోండి,” అన్నారావిడ. “పుస్తకం తెచ్చేరా?”

ఇచ్చాను. పైట చెంగుతో అట్ట తుడిచారు. తొడుగుల్లేకుండా.

“ఇవి పట్టుకెళ్లి ఏటి సేసుకుంటారండి? సదువుతారా?”

“దాచుకుంటామమ్మా.”

“మాం కూడా దాచుకున్నాం కదా,” అని, ఆవిడ పుస్తకం తెరిచి పైకి చదవడం మొదలుపెట్టారు. అచ్చులో ‘ఎచటికి పోవుచున్నావు’ అనే జోగయ్య ఆవిడ నోట “ఎక్కడికెళ్తన్నావేటే” అంటున్నాడు. సన్యాసిరావు గారు అక్షరాలే కాదు, మాటలు కూడా తన ఇంటివి వేశారు. రెండు పుటలు నవ్వుతూ చదివి మూడోది తిప్పి ఆవిడ ఆగిపోయారు. వేలితో తడిమారు.

“ఇక్కడ సీటీ ఏదండీ?”

సన్యాసిరావు గారు వచ్చి పుస్తకం తీసుకున్నారు. వెలుతురుకి ఎత్తి పట్టారు. కాగితం మీద గోటితో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నారు. ఊడిపోయిందని అబద్ధమాడదామనుకున్నాను.

“ఇది ఊడింది కాదు,” అన్నారు నన్ను చూస్తూ. “ఊడదీసింది.”

నేనే చేశానని చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను. అయిదు మెట్ల గురించి చెబుతుంటే, ఆ వరండాలో, ఆ ఇద్దరి ముందు, ‘అంటనిది’ అనే మాట చాలా పిచ్చిగా వినిపించింది. సిగ్గేసింది. కవరులోంచి ఊదా మరకల ముక్క తీసి ఆవిడకిచ్చాను. “అందులో ఏముందో తెలిస్తే మళ్లీ రాసిస్తానమ్మా” అన్నాను.

“తెలకపోవడమేటి?” ఆవిడ చూడకుండానే చెప్పారు. “‘రత్నం, మాయమ్మ మాటకి ఏడవకు. వచ్చే బుధవారం నాకు డ్యూటీ లేదు. బజారుకి తీసుకెళ్తాను, గాజులు కొంటాను. అమ్మతో సెప్పకు.’”

నేను మళ్లీ బొమ్మ చూశాను. జోగయ్య గుర్రం మెడ నిమురుతున్నాడు.

“గుర్రానికి గాజులేమిటమ్మా?” అన్నాను.

ఇంతటి తెలివైనవాణ్ణి వాళ్లు అంతకుముందు చూసి ఉండరు. నూకరత్నమ్మ గారు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సన్యాసిరావు గారు హఠాత్తుగా లేచి, వాకిట్లో ఉన్న సైకిలు గొలుసు పరీక్షించడానికి వెళ్లిపోయారు. సైకిలు గొలుసు బాగానే ఉంది.

“మాయత్తగారు ఇదే గదిలో పడుకునీదండి,” అన్నారావిడ నవ్వాపుకుని. “రెండు గదుల్లో తొమ్మండుగురం. మాటాడుకోడానికి సందేదీ? తెలుగులో రాస్తే ఆవిడ సదివీసీది. ఆవిడకి హిందీ రాదు. పెళ్లయిన నెల్లోనే ఈ పుస్తకం మొదలయ్యింది. ఇంక ప్రతి నెలా అందులో రాసీవోరు. అందరెదురుగానే కూకుని సదువుకునీదాన్ని.”

“మరి మీ జవాబు?”

“క్యారేజీలో పెట్టీదాన్ని. సరే అంటే సింతకాయ పచ్చడి. కోపం పోకపోతే ఉత్త పెరుగన్నం.”

వాకిట్లోంచి సన్యాసిరావు గారి గొంతు వినబడింది. “ఏడాదిలో సగం పెరుగన్నమే, బాబూ.”

ఆ తర్వాత ఆయన లోపలికి వచ్చి, భార్యని కాదు, పెట్టెని చూస్తూ అన్నారు. “మాయింటిదానికి గుర్తు లేదనుకున్నాను. పెట్టె తెరిసి సూసింది ఎప్పుడో. కొత్తింట్లో సోటు లేదని, అడ్డమని రాసేను మీకు.”

“మీరు డ్యూటీకెళ్లేక ఇప్పటికీ తెరుస్తాను,” అన్నారావిడ. “మంచం కింద పెడితే సోటు లేకపోడమేటి?” నా వైపు తిరిగారు. “ఇది ఇవ్వం బాబూ. ఏదీ ఇవ్వం. ఏటీ అనుకోకండి.”

అనుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. సన్యాసిరావు గారు లోపలినుంచి పాత రైల్వే ఫారం ఒకటి, కత్తెర, పొట్టి పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టారు.

“ఎవులు ఇప్పేరో ఆళ్లే బిగించాల. యార్డులో రూలు.”

పాతికేళ్లుగా ఒక్క పుస్తకం మీద చుక్క పెట్టనివాణ్ణి. ఆవిడ మళ్లీ చెబుతుంటే హిందీ అక్షరాల్లో రాశాను. రెండు తప్పులు పోతే ఆయన ఫారం మరోసారి కత్తిరించారు. మైదా జిగురు ఆవిడే ఉడికించి తెచ్చారు. అంటించి, ఊది, ఆరబెట్టాం. ఆయన అంచులు గోటితో నొక్కి చూసి, వెనకట్ట మీద ఎర్ర పెన్సిలుతో ఆ రోజు తేదీ వేసి, ‘ఫిట్’ అని రాసి, సంతకం పెట్టారు. మొదటి సంచిక పెట్టెలోకి వెళ్లింది. నా అరవై నాలుగోది కూడా దాంతోపాటే వెళ్లింది.

పన్నెండింటికి అన్నం పెట్టారు. పప్పు, వంకాయ కూర, చింతకాయ పచ్చడి. పచ్చడి వడ్డించేటప్పుడు సన్యాసిరావు గారు తల ఎత్తలేదు. ఊదా మరకల ముక్కను నేను తిరిగివ్వబోతే ఆవిడ వద్దన్నారు. “అది మీరుంచుకోండి. అంత దూరం వచ్చేరు.”

రెండూ పదికి రాయపూర్ బండి దొరికింది. అక్కడ సాయంత్రం ఆరున్నరకు విశాఖ బండి ఎక్కాను. ఎదురు సీటులో బొబ్బిలి వెళ్తున్న టీచరమ్మ నా ఒళ్లో ఉన్న ప్లాస్టిక్ కవరు చూసింది.

“అదేటండి, ఊదా మరకలు?”

“ఒకాయన వాళ్లావిడని బజారుకి తీసుకెళ్తానంటున్నాడండి. గాజులు కొంటాడట.”

“మరి తీసుకెళ్లేడా?”

అది మాత్రం నేను అడగలేదు. పచ్చడి గుర్తొచ్చింది. “తీసుకెళ్లే ఉంటాడండి” అన్నాను.

ఆవిడ దగ్గరే ఒక దుప్పటి అరువు తీసుకుని, రిజిస్టరు తెరిచాను. బిలాస్‌పూర్ పెట్టె కోసం ముందే గీతలు కొట్టి ఉంచిన పుట అది. అట్ట, వెన్ను, మూలలు, మెట్టు. కామేశ్వర్రావు మొట్టమొదట చూసేది ఆఖరి గడే. చూసి నవ్వుతాడు, వాడి నవ్వుకి ఈసారి కోపం రాదనే అనుకుంటున్నాను. ఒకటి నుంచి అరవై నాలుగు దాకా ఒకే మాట రాసుకుంటూ వెళ్లాను: చదివినది, చదివినది, చదివినది. మొదటి సంచిక ఎదురుగా మాత్రం ఇంకో వాక్యం చేర్చాను. “మూడో పుటలో ఒక చీటీ కొత్తది, పాతదాన్ని చదవకుండా పాడుచేసినది నేను.” కింద సంతకం పెట్టాను.